పిల్లల గురించి అడిగిన మనిషి

ఆ రోజుల్లో నా పనల్లా తల్లుల్ని పిల్లల గురించి అడగటం. పొద్దున్నే విజయవాడలో బస్సెక్కి చల్లపల్లిలో దిగేదాన్ని. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో కొంత దూరం వెళితే పంటకాలువ పక్కన ఒక ఊరు. ఆ ఊరి పేరు నేనిప్పటివరకూ ఎక్కడా రాయలేదు, ఇక్కడా రాయను. ఊరి చివర కూలి పనులకు వెళ్ళేవాళ్ళ పేట ఉంది. నాట్ల రోజుల్లో తెల్లారేసరికల్లా ఆడవాళ్ళంతా ముఠాలుగా ట్రాక్టరెక్కి పొలాలకు వెళ్ళిపోయేవారు. మళ్ళీ రావటం మధ్యాహ్నం రెండు దాటాకే. ఈలోపల చిన్నపిల్లలు ఎక్కడుంటారు, ఎవరు చూస్తారు, ఎవరూ చూడకపోతే ఏమవుతుంది అన్నది మా అధ్యయనం.

నేను ఆంత్రపాలజీ చదువుకున్నాను. తెలుగులో మానవశాస్త్రం అంటారు. మా నాన్నకు ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు ఉండేది. నేను ఆ కోర్సులో చేరినప్పుడు అదేం చదువని అడిగాడు. మనుషులు ఎలా బతుకుతారో దగ్గరుండి చూసి అర్థం చేసుకోవటం అన్నాను. "దానికి కాలేజీ ఎందుకే" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను.

మా ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్‌ని గైడు గారు అనేవాళ్ళం. ఊరికే ఫారాలు నింపుకొని రావద్దని ఆయన మొదటిరోజే చెప్పారు. "వెళ్ళి కూర్చోండమ్మా. వాళ్ళ వీధి, వాళ్ళ చుట్టరికాలు, వాళ్ళ వేళలు మీకు తెలియాలి. కనిపించిందల్లా రాయండి." అలాగే రాశాను. వీధి పటం గీశాను. పగటిపూట పిల్లలు ఒంటరిగా ఉండే ఇళ్ళకు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాను. ప్రతి ఇంటికీ వంశవృక్షం వేశాను. మా చదువులో దానికొక పద్ధతి ఉంది. మగవాళ్ళకు త్రికోణం, ఆడవాళ్ళకు సున్నా, చనిపోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత. ప్రపంచంలో ఏ ఊరికి వెళ్ళినా ఆ గుర్తులు అవేనని మాకు క్లాసులో చెప్పారు. ఆ ఊళ్ళో వాళ్ళు వాటిని చూస్తే ఏమనుకుంటారో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ పేటలో నాకు మొదట కుర్చీ వేసింది వీధి చివరి ఇంటావిడ. ముప్ఫై లోపే ఉంటుంది. భర్త రొయ్యల చెరువు దగ్గర కాపలా, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఇద్దరు పిల్లలు, ఐదేళ్ళ కొడుకు, మూడేళ్ళు నిండుతున్న కూతురు. నేను ఆవిడను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను అండీ అనేది. ఎప్పుడు వెళ్ళినా టీ పెట్టేది. ఒకరోజు చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "వీళ్ళకి ముందు ఇంకో పిల్ల ఉండేదండి" అంది. ఆవిడ కలుపు తీతకు వెళ్ళిన రోజు, ఇంట్లో ముసలత్త కునుకు తీసినప్పుడు, ఆ పాప ఆడుకుంటూ వెళ్ళి కాలువలో పడింది. కింద రెండో వంతెన దగ్గర దొరికింది. అప్పటికి దానికి మూడేళ్ళు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ పాప పేరు ఎత్తలేదట. చెబుతున్నంతసేపూ ఆవిడ ఏడవలేదు, చేట మీంచి తల ఎత్తలేదు. నేను ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, వాళ్ళ వంశవృక్షంలో ఒక సున్నా చేర్చి దాని మీద గీత కొట్టాను.

ఆవిడను ఇంకో ప్రశ్న కూడా అడిగాను. మీరు పొలంలో ఉన్నప్పుడు ఈ వీధిలోకి బయటివాళ్ళు ఎవరెవరు వస్తుంటారని. ఆవిడ కాసేపు ఆలోచించి, ఐసు బండాయన, దుప్పట్లవాళ్ళు, దోమతెరల సాయిబు అంది. అంతకుముందు ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించనట్టు, చెబుతుంటే ఆవిడ ముఖం మారింది. నేను రాసుకునే పనిలో ఉన్నాను.

ఐదో వారం నుంచి తేడా కనిపించింది. నేను వీధి మలుపు తిరగ్గానే ఒక ముసలావిడ మనవణ్ణి చంకనేసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. గోళీలాడుకునే పిల్లల్ని ఎవరో ఇంట్లోంచి గట్టిగా పిలిచేవారు. మంచినీళ్ళు అడిగితే కుండలో లేవన్నారు ఒకరింట్లో. ఆ కుండ నా ఎదురుగానే నిండుగా ఉంది. చివరి ఇంటావిడ తలనొప్పిగా ఉందని చెప్పి గుమ్మంలోంచే పంపేసింది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్న మాటలు నాకింకా గుర్తు: ఈ వారం మాట్లాడటానికి ఆసక్తి చూపలేదు, పని ఒత్తిడి కావచ్చు. మనుషుల్ని దగ్గరుండి చూడటం నేర్చుకున్నదాన్ని, కళ్ళెదుట ఉన్న భయాన్ని పని ఒత్తిడి అని రాసుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం ముసురు పట్టింది. చల్లపల్లి బస్సులో నా ముందు సీటులో ఒకావిడ ఫోన్‌లో మెసేజ్‌లు వింటోంది. స్పీకర్ పెట్టి ఉంది.

"అక్కలందరూ కాస్త ఇనండి. మన వైపు ఒకామె తిరుగుతంది. చదువుకున్నామెలాగే ఉంటది, నవ్వుతా మాట్లాడుద్ది. కళ్ళజోడు, బుజానికి నీలం సంచి. పిల్లలు ఏ టయానికి ఒంటరిగా ఉంటారని అడుగుద్ది. ఇళ్ళకి గుర్తులు పెట్టుకుంటంది. ఈమె చూసెళ్ళాక దోమతెరలమ్మేవాళ్ళ లాగా, దుప్పట్లమ్మేవాళ్ళ లాగా వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతారు. పక్క జిల్లాలో కిడ్నీలు తీసి పడేశారంట. పిల్లల్ని వదలమాకండి."

మొదట నాకు అర్థం కాలేదు. ఎవరో పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి మా వైపు తిరుగుతోందని నాకూ భయమేసింది. నీలం సంచి అన్న మాట దగ్గర నా చెయ్యి దానంతటదే ఒళ్ళోని సంచి మీదికి వెళ్ళింది. ఆవిడ మెసేజ్‌ని పక్కావిడ కోసం మళ్ళీ పెట్టింది. రెండోసారి విన్నప్పుడు గొంతు గుర్తుపట్టాను. నాకు టీ పెట్టిన గొంతు అది.

కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టాను. సంచిని సీటు కిందకి కాలితో తోశాను. అలా చేస్తున్నప్పుడు ఎవరైనా చూస్తే నిజంగానే దొంగననుకుంటారని తోచి మళ్ళీ పైకి తీశాను. గైడు గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చల్లపల్లిలో దిగి విజయవాడ బస్సు ఎక్కాల్సింది. ఎక్కలేదు. ఐదు వారాలుగా వాళ్ళ గుమ్మాల్లో కూర్చున్నాను, వాళ్ళు నాకు తెలుసు, ఆవిడతో నేరుగా మాట్లాడితే సర్దుకుంటుంది అనుకున్నాను. ఆ వయసులో నాకు మాట మీద అంత నమ్మకం ఉండేది.

ఆటో డ్రైవరు అద్దంలోంచి రెండు మూడుసార్లు చూశాడు. "ఎవరింటికండీ" అని అడిగాడు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. కాసేపయ్యాక బండి నడుపుతూనే ఎవరికో ఫోన్ చేసి, "ఆ, ఎక్కింది" అన్నాడు.

వానకు పనుల్లేక ఆ రోజు పేటంతా ఇళ్ళ దగ్గరే ఉంది. నేను కాలువ వంతెన మీద దిగేసరికి పదిమంది దాకా నిలబడి ఉన్నారు. అందులో సగంమంది నాకు ముఖం తెలిసినవాళ్ళే. వాళ్ళలో ఒక్కరైనా నవ్వుతారేమోనని చూశాను.

"ఎవరండీ మీరు, ఎందుకొస్తున్నారు రోజూ?" అని ఒకాయన మర్యాదగానే మొదలుపెట్టాడు. యూనివర్సిటీ ఉత్తరం తీసి ఇచ్చాను. మొదటిరోజు పంచాయతీ ఆఫీసులో చూపించిన ఉత్తరమే అది. ఆయన పక్కనున్నతను దాన్ని తిరగేసి చూసి, "ఇట్టాంటియ్యి జిరాక్స్ షాపులో ఎవరైనా కొట్టిచ్చుకుంటారు" అన్నాడు.

"ఏవూరు మీది? మీరేవిటోళ్ళు?"

ఆ రెండో ప్రశ్నకు నేను ఏ కులం చెప్పినా అక్కడున్నవాళ్ళలో కొందరు నన్ను నమ్ముతారని, కొందరు ఇంకా అనుమానిస్తారని నాకు తెలుసు. ఆ ప్రశ్న మీద మేం సెమినార్లలో గంటలు గంటలు మాట్లాడుకున్నాం. వంతెన మీద నా నోట్లోంచి మాట రాలేదు. చెప్పకపోవటమే తప్పయింది. నన్ను అండీ అన్నవాళ్ళు నువ్వు అన్నారు. రెండు నిమిషాల్లో నువ్వు కూడా పోయి, "దీని సంచి చూడండెహె" అన్నారు.

సంచిలో నోట్‌బుక్ దొరికింది. వీధి పటం ఉన్న పేజీ తెరిచి పైకెత్తి పట్టుకున్నారు. ఎర్ర గుర్తులు అందరికీ కనిపించాయి. ఎవరి ఇల్లు ఏదో వాళ్ళు వేలుపెట్టి లెక్కపెట్టుకుంటుంటే గొంతులు పెరిగాయి. తర్వాతి పేజీల్లో వంశవృక్షాలు.

"ఈ సున్నాలేంటి?"

"ఆడవాళ్ళకండీ. ఆడపిల్లలకి సున్నా, మగపిల్లలకి త్రికోణం."

"ఈ గీతలు?"

"చనిపోయినవాళ్ళకి."

చెప్పిన వెంటనే ఎలాంటి మాట చెప్పానో నాకు తెలిసింది. వాన చినుకులు ఆ పేజీ మీద పడుతుంటే ఎర్ర సిరా పాకటం చూస్తూ ఉన్నాను. ఎవరో వెనక నుంచి నా జడ పట్టుకుని గుంజారు. వెల్లకిలా పడ్డాను. లేవబోతే చెంప మీద దెబ్బ పడింది. కొట్టింది మగవాడో ఆడమనిషో తెలియదు. చున్నీ లాగేశారు. మత్తుమందు కొంగున కట్టుకుని ఉంటదని ఎవరో అంటున్నారు. నన్ను కొడుతున్నవాళ్ళ ముఖాల్లో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది. ఒకావిడ ఏడుస్తూ కొట్టింది.

అప్పుడు అంగన్‌వాడీ టీచరు వచ్చింది. నలభై దాటినావిడ, ఆ ఊరి కోడలే. ఆవిడ నన్ను వెనకేసుకొచ్చి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఇద్దరం పడేవాళ్ళం. జనంలోకి దూరి నా రెక్క పట్టుకుని, అందరికంటే పెద్దగా అరిచింది.

"చంపితే మనం జైలుకి పోతాం. దీన్ని నా బళ్ళో పెట్టి తాళం వేస్తన్నా. పోలీసులొచ్చి దీని వెనకాలున్నోళ్ళ పేర్లు కక్కిస్తారు. ఒక్కళ్ళు కూడా తలుపు ముట్టుకోమాకండి."

నన్ను ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి అంగన్‌వాడీ గదిలోకి నెట్టి బయట తాళం వేసింది. నెడుతున్నప్పుడు చెవి దగ్గర, "కిటికీ దగ్గరికి పోమాక" అంది. నన్ను పట్టుబడ్డ దొంగలా చూపించి కాపాడిందని నాకు అర్థమవటానికి చాలాసేపు పట్టింది.

గదిలో పిల్లల చిన్న చిన్న కుర్చీలు, గోడకు పళ్ళ పటం, మూల బియ్యం మూటలు. ఉడికించిన గుడ్ల వాసన. మూటల వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. తలుపు మీద రాళ్ళు పడుతున్నాయి. పడినప్పుడల్లా గోడ మీది పటం కదిలేది. బట్టలు తడిసినట్టు అనిపించింది. వానకనుకున్నాను. వాన కాదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే రాస్తున్నాను. ఫోన్ వాళ్ళ చేతుల్లో ఉంది. బయట నా ఫోన్ మోగటం వినిపించింది, గైడు గారే అయ్యుంటారు. ఎవరో ఎత్తి, "మీ మనిషి దొరికింది, నువ్వెక్కడున్నావురా" అన్నారు.

టీచరు వద్దన్నా ఒకసారి కిటికీ సందులోంచి చూశాను. జనానికి దూరంగా, వేపచెట్టు దగ్గర చివరి ఇంటావిడ నిలబడి ఉంది. కూతుర్ని చంకనెత్తుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని. నేనున్న గది వైపే చూస్తోంది. నేను కనిపించానో లేదో తెలియదు. కూతురి తలను భుజానికి అదుముకుంది.

పోలీసు జీపు రావటానికి గంటపైనే పట్టింది. స్టేషన్‌లో ఎస్సై నాకు టీ ఇప్పించి, గైడు గారితో ఫోన్‌లో మాట్లాడి, యూనివర్సిటీ ఉత్తరం నిజమేనని రాసుకున్నాడు. "మీ అదృష్టం బాగుందమ్మా. మీరెవరో చెప్పటానికి మీకు మనుషులున్నారు" అన్నాడు. కేసు పెడతారా అని అడిగాడు. ఎవరి మీద పెట్టాలో నాకు తెలియలేదు. వద్దన్నాను.

మా నాన్న షాపు మూసి వచ్చాడు, చేతులకు గ్రీజు అలాగే ఉంది. తెలిసినవాళ్ళ కారులో నన్ను ఎక్కించుకున్నాడు. కరకట్ట మీదికి ఎక్కాక, "అసలు వాళ్ళని ఏమని అడిగావు?" అన్నాడు. ప్రశ్నలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పాను. మీరు ఎన్నింటికి వెళ్తారు, ఎన్నింటికి వస్తారు, అప్పుడు పిల్లలు ఎవరి దగ్గరుంటారు, తలుపు గడియ పెట్టి వెళ్తారా తాళం వేస్తారా. ఆయన రోడ్డు వైపే చూస్తూ, "నిన్ను ఎవరన్నా ఇట్టా అడిగితే నేనూ ఊరుకునేవాణ్ణి కాదు" అన్నాడు.

నా కథ అక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

మూడు రోజుల తర్వాత పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. అదే కాలువ మీద ఇంకో ఊళ్ళో దోమతెరలు అమ్ముకునే ఒకాయనను పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని కొట్టారు. మనిషి విజయవాడ వన్ టౌన్ వాడు. వార్త చదివాక నేను రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మెసేజ్‌లో నా తర్వాత వచ్చిన మాట దోమతెరలమ్మేవాళ్ళదే.

ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడని తెలిసి వెళ్ళాను. వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ల వెనక సందులో, మేడ మీద ఒక గది. మెట్లెక్కాను. ఆ వంతెన మీద కంటే ఇక్కడే ఎక్కువ భయమేసింది. ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. కుడి చేతికి కట్టు, ఎడమ కంటి మీద గుడ్డ. భార్య తలుపు దగ్గరే నిలబడింది.

నేనెవరో చెప్పాను. మెసేజ్‌లో ఉన్న మనిషిని నేనేనని కూడా చెప్పాను. ఆయన గుడ్డ లేని కంటితో నా వైపు చూశాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి ఆ ఊళ్ళకే పోతున్నానమ్మా," అన్నాడు. "నన్ను కొట్టినోళ్ళలో ఒకాయన పెళ్ళికి దోమతెర నేనే ఇచ్చాను. ముందు బండి ఆపి ఎందుకొచ్చావన్నారు. తెరలు చూపించాను. తర్వాత పేరడిగారు. చెప్పాను. ఇంకేం అడగలేదు."

ఇంకేం అడగలేదు అన్న మాట ఆయన మామూలుగానే అన్నాడు.

"మిమ్మల్నీ కొట్టారా?" అని భార్య అడిగింది.

"కొట్టారండీ. ఒకావిడ గదిలో పెట్టి తాళం వేసి కాపాడింది."

"ఈయనకి తాళం వేసేవాళ్ళు లేకపోయారు," అంది ఆవిడ. తర్వాత, "మీ పుస్తకంలో మా గురించి రాసుకోమాకండి. పేరొద్దు, సందు వద్దు. మళ్ళీ ఎవరొస్తారో" అంది. రాయనని మాటిచ్చాను. నా చేతిలో అప్పుడు పుస్తకం లేదు. అయినా ఆవిడ చూపు నా సంచి మీదే ఉంది.

గైడు గారు ఆ ఊరు వదిలేసి ఇంకో మండలంలో పని చేద్దామన్నారు. నేను మళ్ళీ అక్కడికే వెళ్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. వారం రోజులు వాదించాక, ఒక షరతు మీద సరేనన్నారు. "ఎవరు అబద్ధం చెప్పారని వెతకటానికి వెళ్ళద్దు, అది పోలీసుల పని. అది వాళ్ళకి నిజమని ఎందుకు తోచిందో అడగండి. అంతకంటే ముందు మీరేం చేశారో చెప్పండి."

రెండు నెలల తర్వాత అంగన్‌వాడీ టీచరు ఇంటికి వెళ్ళాను. వంతెన దగ్గర ఆటో ఆగగానే చుట్టూ ఎవరున్నారో చూశాను. టీచరు నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తీసుకెళ్ళింది. ఈసారి పుస్తకం లేదు. కొందరు తలుపు తీయలేదు. కొందరు తల దించుకున్నారు. ఒకాయన మాత్రం, "మీరట్టా అడక్కపోతే మేమెందుకు కొడతాం" అన్నాడు.

వినగా వినగా తెలిసిందేమంటే, ఆ మెసేజ్ ఒక్క మనిషి అల్లింది కాదు. ఎర్ర గుర్తుల పటం చూసింది ఒక పక్కింటావిడ, నేను టీ తాగుతూ పేజీ తెరిచి పెట్టినప్పుడు. కిడ్నీల మాట రొయ్యల చెరువు దగ్గర పనిచేసేవాళ్ళు చెప్పింది, వాళ్ళకి ఇంకెక్కణ్ణుంచో వచ్చిన వీడియో. పిల్లల్ని వదిలేసి పొలానికి పోవటం ఆ వీధిలో ప్రతి తల్లికీ లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఎవరూ బయటికి అనుకోలేదు. నేను వెళ్ళి ఒక్కొక్కరి చేతా అనిపించాను. అనిపించి, రాసుకుని, బస్సెక్కి వెళ్ళిపోయాను.

చివరి ఇంటావిడ నన్ను లోపలికి రమ్మనలేదు. వెళ్ళమనీ అనలేదు. అరుగు మీద కూర్చున్నాను. టీచరు పక్కనే ఉంది. పిల్లలిద్దరూ ఇంట్లో ఉన్నారు, తలుపు బయట గొళ్ళెం పెట్టి ఉంది.

"చచ్చిపోయిన నా బిడ్డని సున్నా చుట్టి కొట్టేశారు," అంది. "మీరు దొడ్లోకెళ్ళినప్పుడు చూశా. నాకు చదువు రాదు కానీ నా పిల్లలు ముగ్గురని తెలుసు. కొట్టేసిన సున్నా పక్కన ఇంకో సున్నా ఉంది. రెండోదానికీ మూడేళ్ళు వస్తన్నాయి. దాని మీద గీత ఎప్పుడు పడుద్దోనని నాకు అన్నం సయించలేదండి."

"అది గుర్తు మాత్రమే అక్కా. దాని అర్థం అది కాదు."

"మీకు కాదు."

నేను క్షమించమన్నాను. ఆవిడ విన్నట్టు కనిపించలేదు. "దోమతెరలాయన సంగతి టీచరు చెప్పింది" అంది. "వీధిలోకి ఎవరొస్తారని మీరడిగారుగా. అప్పటిదాకా ఆయన్ని గురించి నాకేం అనుమానం లేదు. మీరడిగినాక ఎందుకడిగారా అని ఆలోచిస్తే, ఆయనే కనపడ్డాడు కళ్ళకి. మా ఇంట్లో ఉన్న తెర ఆయన దగ్గర తీసుకున్నదే. పిల్లలు దాన్లోనే పడుకుంటారు." గొంతు తగ్గించి అడిగింది, "కన్ను వచ్చుద్దాండి?"

"రాదన్నారట."

ఆవిడ గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. మేం కొంతసేపు కూర్చుని వచ్చేశాం.

మా రిపోర్టు తర్వాతి ఏడు అచ్చయింది. పిల్లలు ఒంటరిగా ఉండే వేళల గురించి అందులో ఒక పట్టిక ఉంది. వంతెన మీద జరిగింది, వన్ టౌన్ గదిలో విన్నది అందులో లేవు. మొదటిది పరిశోధన పద్ధతి కాదని యూనివర్సిటీ కమిటీ తీసేయమంది, రెండోది నేనే రాయలేదు. టీచరు మాత్రం రిపోర్టు కోసం ఆగలేదు. నాట్ల రోజుల్లో పేటలోని ఇద్దరు ముసలమ్మలను అంగన్‌వాడీలో కూర్చోబెట్టి, తల్లులు తిరిగొచ్చేదాకా తలుపులు తెరిచే ఉంచింది. మొదటి ఏడు పెద్దగా ఎవరూ పిల్లల్ని పంపలేదట. తర్వాత పంపారు. చివరి ఇంటావిడ పంపలేదు. పొలానికి వెంట తీసుకెళ్ళి గట్టు మీద కనబడేట్టు కూర్చోబెట్టుకునేదని టీచరు ఫోన్‌లో చెప్పింది.

ఇప్పుడు నేను సర్వేలకు వెళ్ళే కొత్తవాళ్ళకు క్లాసులు చెబుతాను. పుకార్లు, గుంపు దాడుల గురించి మాట్లాడమని ఆఫీసుల నుంచి పిలుస్తుంటారు. భయం ఎక్కణ్ణుంచి వస్తుందో, అది ఎవరి పేరు దగ్గర ఆగుతుందో వివరంగానే చెప్పగలను. ఒక ఇంటి గురించి గీసిన ప్రతి బొమ్మనూ ముందు ఆ ఇంటివాళ్ళకే చూపించి, వాళ్ళు ఉంచమంటేనే ఉంచుకోమంటాను. అందరూ రాసుకుంటారు.

నాకు నాలుగేళ్ళ కూతురుంది. విజయవాడలో మా అపార్ట్‌మెంట్ల ఫోన్ గ్రూపులో పోయిన వేసవిలో ఒక మెసేజ్ వచ్చింది. గ్యాస్ స్టవ్ రిపేరు అంటూ ఒకడు ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నాడు, పిల్లల్ని కిందికి పంపకండి అని. పాప అప్పుడు కింద ఉయ్యాల దగ్గర ఉంది. నాకు తెలిసిందేదీ ఆ క్షణం నాకు గుర్తు రాలేదు. లిఫ్ట్ కోసం ఆగకుండా చెప్పుల్లేకుండా మెట్లు దిగాను. పాపను ఎత్తుకుని పైకొచ్చి, తలుపేసి, రెండో గడియ కూడా పెట్టాను. ఎందుకు తీసుకొచ్చావని పాప ఏడుస్తోంది. దాని తలను భుజానికి అదిమి పట్టుకున్నాను.

పది నిమిషాలు పట్టింది నాకు కింద ఆ స్టవ్ రిపేరు మనిషి కూడా ఉంటాడన్న సంగతి తట్టటానికి. మళ్ళీ కిందికి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. నేల మీద స్టవ్ బర్నర్ మూత ఒకటి పడి ఉంది.

"ఆయనేడి?" అన్నాను.

"పంపించేశానండీ. మీరేం భయపడమాకండి."

"ఎలా పంపించావు?"

"ఏం లేదండీ. రెండు తోపులు తోశా. పేరడిగితే నీళ్ళు నమిలాడు."

రోడ్డు మీదికి వెళ్ళి రెండు వైపులా చూశాను. ఎండలో ఆటోలు పోతున్నాయి. ఆయన ఎటు వెళ్ళాడో పక్క షాపులో అడిగాను. ఎవరాయన, ఎట్టా ఉంటాడని వాళ్ళు నన్నే అడిగారు. నేను ఆయన్ని చూడనే లేదు.